ఒక సీతాకోకచిలుక – మూడు పేర్లు

వానలు పడి నిమ్మ, కరివేప చిగిర్చినపుడు మన పెరళ్ళలో నల్లని తోక సీతాకోకచిలుక తరచుగా కనబడును. ఏడాది పొడవునా ఉండునదే గాని, దాని సందడి వానకాలములోను, ఆ వెంటనేను హెచ్చు. లేత చిగుళ్ళపై అది గ్రుడ్లు పెట్టును. మగదాని వెనుక రెక్కలపై తెల్లమచ్చలు వరుసదీరి ఉండును.

1758లో లినేయస్ దీనికి ‘పామన్’ అని పేరిడెను. ఎర్రమచ్చలు గల ఆడది దీని జోడని ఎరుగక, దానిని ‘పోలిటెస్’ అను వేరు జాతిగా వ్రాసెను. 1775లో క్రామర్ మరొక తీరు ఆడదానికి ‘రోములస్’ అని నామకరణము చేసెను. ఒకే ఇంటివారు మూడు జాతులైరి! వారిని తప్పుపట్టలేము. వారి ముందున్నవి దూరదేశములనుండి వచ్చిన ఎండు కీటకములే గాని, చెట్టుపై గ్రుడ్లు పెట్టుచున్న తల్లి కాదు.

ఇవన్నియు ఒకే జాతి యనియు, పక్షులు ముట్టని వేరు జాతుల వేషమును ఈ ఆడవి ధరించుచున్నవనియు 1865లో వాలెస్ ప్రకటించెను. (మగదాని పోలిక గల ఆడవియు కలవు.) సింహళములో ఫ్రయర్ వీటిని పెంచి, ఒక తల్లి పిల్లలలోనే వేర్వేరు రూపములు వచ్చుట చూచి 1913లో ప్రచురించెను.

ఆ అసలు జాతులు ఈశ్వరి తీగ మేసి విషము కూడబెట్టుకొన్నవి. వాటి పొట్ట ఎర్రన. మన నిమ్మచెట్టు వేషధారి పొట్ట నల్లన.