ఆర్-12 నుంచి ఆర్-32 దాకా

మీ ఏసీకి బయట గోడమీద బిగించిన యూనిట్ పక్కన ఒక స్టిక్కర్ ఉంటుంది. వోల్టేజీ, బరువుల మధ్య 'రిఫ్రిజిరెంట్' (చల్లబరిచే గ్యాస్) అన్న వరుస ఒకటి. కొత్తదైతే ఆర్-32, అంతకు ముందుదైతే ఆర్-410ఎ, బాగా పాతదైతే ఆర్-22. ఎన్ని గ్రాములు నింపారో కూడా అక్కడే వేస్తారు. ఈమధ్య కొన్న ఏసీ తిరుపతి జిల్లా శ్రీ సిటీలో తయారైనదే కావచ్చు. బ్లూస్టార్, డైకిన్ 2023లో అక్కడ ఫ్యాక్టరీలు తెరిచాయి. ఎల్‌జీ ఫ్యాక్టరీకి 2025 మేలో మంత్రి నారా లోకేశ్ శంకుస్థాపన చేశారు. ఏసీ సత్యవేడు పక్కన తయారవుతున్నా, అందులో ఏ గ్యాస్ నింపాలన్నది మాత్రం మాంట్రియల్, కిగాలీల్లో తేలింది.

తొలినాటి ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ వాడేవారు. లీకైతే ప్రాణం మీదికి వచ్చేది. 1928లో అమెరికాలో థామస్ మిడ్గ్లీ బృందం ఆర్-12ను పట్టుకుంది. అంటుకోదు, విషం కాదు, దేనితోనూ కలవదు. ఫ్రియాన్ పేరుతో ప్రపంచమంతా పాకింది. దేనితోనూ కలవని ఆ మంచి గుణమే కొంప ముంచింది. కింద దాన్ని విరగ్గొట్టేది ఏదీ లేక, ఏళ్ల తరబడి తిరిగి తిరిగి స్ట్రాటోస్ఫియర్ చేరుతుంది. అక్కడి అతినీలలోహిత కిరణాలకు విరిగి క్లోరిన్‌ను వదులుతుంది. ఒక్క క్లోరిన్ పరమాణువు లక్ష ఓజోన్ అణువుల్ని మింగగలదు. శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ దీని గురించి 1974లోనే హెచ్చరించారు. 1985లో శాస్త్రవేత్త జో ఫార్మన్ బృందం అంటార్కిటికా మీద ఓజోన్ ఎంత పలచబడిందో లెక్కలతో చూపించాక గానీ ప్రభుత్వాలు గట్టిగా కదల్లేదు. ఓజోన్‌ను చెరిపే వాయువులను అదుపు చేయడానికి 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది.

ఈ కథలో హైదరాబాద్ పాత్రను మనవాళ్లు ఎందుకో పెద్దగా చెప్పుకోరు. ఈసీఐఎల్ దగ్గరి టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి 1980లు, 90లలో అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ, జర్మనీ మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు పెద్ద పెద్ద బెలూన్లు పంపారు. వాటికి వేలాడే స్టీలు గొట్టాలను ద్రవ నియాన్‌తో చల్లబరిచేవారు. పైకెళ్లాక మూత తెరుచుకుంటే గాలి లోపలికొచ్చి గడ్డకట్టేది. కిందికి దించి పరీక్షిస్తే అందులో ఆర్-12 జాతి వాయువులు! ఫ్రిజ్ ఇంకా కలవారి ఇంటి వస్తువుగానే ఉన్న దేశం నెత్తిమీద, ఎక్కడెక్కడివాళ్లో వాడి వదిలిన గ్యాస్ అది.

1990లో మాంట్రియల్ ఒప్పంద దేశాల లండన్ సమావేశంలో అప్పటి పర్యావరణ మంత్రి మేనకా గాంధీ పట్టుబట్టింది దీనిమీదే. పాడుచేసిన దేశాలే డబ్బు, టెక్నాలజీ ఇవ్వాలన్నది మన వాదన. న్యాయమైన పేచీ. పేద దేశాల కోసం నిధి ఏర్పడింది, 1992లో భారత్ ఒప్పందంలో చేరింది. 2008 ఆగస్టు 1 నాటికి, గడువుకు 17 నెలల ముందే, ఆస్తమా ఇన్‌హేలర్ల అవసరం మినహా మన ఫ్యాక్టరీలు ఆర్-12 జాతి వాయువుల ఉత్పత్తి ఆపేశాయి.

ఇక పాత ఏసీల్లోని ఆర్-22 ఓజోన్‌కు చేసే చెరుపు ఆర్-12తో పోలిస్తే ఇరవయ్యో వంతు. అయినా చెరుపే కాబట్టి 2025 నుంచి మన దేశంలో కొత్త ఏసీల తయారీలో దాన్ని వాడకూడదు. దాని స్థానంలో వచ్చిన ఆర్-410ఎతో ఓజోన్‌కు ముప్పులేదు. కానీ భూమిని కార్బన్ డయాక్సైడ్ కన్నా రెండు వేల రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుంది. ఆర్-32 అయితే 675 రెట్లు. కొంచెం అంటుకునే గుణమూ ఉంది. దీనికీ రోజులు దగ్గరపడ్డాయి. మాంట్రియల్ ఒప్పందానికి 2016లో చేసిన కిగాలీ సవరణను 2021లో ఆమోదించిన భారత్ ఈ జాతి వాయువుల వాడకాన్ని 2028లో పెరగకుండా ఆపాలి, 2032 నుంచి తగ్గించుకుంటూ పోవాలి.

నేలమీది గాలి స్ట్రాటోస్ఫియర్‌లోకి ఎక్కేది ముఖ్యంగా మనలాంటి ఉష్ణమండలాల మీదుగానే. తిరుపతి దగ్గర గాదంకి రాడార్ స్ట్రాటోస్ఫియర్ మొదలయ్యే ఆ సరిహద్దునే గమనిస్తుంటుంది. అలా ఇప్పటికే పైకెక్కిన గ్యాస్ తరిగి, అంటార్కిటికా మీద ఓజోన్ 1980 నాటి స్థాయికి చేరడానికి 2066 దాకా పడుతుందని అంచనా.

ఫ్యాక్టరీలు దారికొచ్చాయి. మిగిలింది మన ఇళ్లే. ఇల్లు మారేటప్పుడు ఏసీ విప్పాలంటే ముందు పంప్ డౌన్ చేయాలి. అలెన్ కీతో సన్న పైపు వాల్వు మూసి, కంప్రెసర్ కాసేపు నడిపి, గ్యాస్‌ను బయటి యూనిట్‌లోకి లాగి, లావు పైపు వాల్వు మూయాలి. అంతా కొన్ని నిమిషాల పని. తొందరలో నట్టు వదులుచేసి బుస్సుమని వదిలేసే మెకానిక్‌లు ఉన్నారు. దగ్గర నిలబడి పంప్ డౌన్ చేయించండి. ఓ వంద ఎక్కువడిగినా ఇవ్వండి.