దుఃఖవేషము – కొలువువేషము

ఇంగ్లండు మొదలగు పాశ్చాత్య దేశములలో నిత్యమును వదులుబట్టలతో కాలము గడపువాడు సైతము రెండు దినములందు మాత్రము బీరువా అడుగున నున్న ముదురురంగు కోటును బయటికి దీయును. ఒకటి బంధువును శ్మశానమునకు సాగనంపు దినము. రెండవది కొలువు కోరి పెద్దల యెదుట గూర్చుండు దినము. ఆ కోటు మన నగరములకును వచ్చి చాలకాలమైనది. చావునకును కొలువునకును ఒకే బట్ట యేల? తనకు అలవాటులేని వేషమును మనుష్యుడు ఎవరికొఱకు ధరించుచున్నాడు? ఈ ప్రశ్నకు చరిత్ర యిచ్చు సమాధానము మన గృహములకు సైతము పనికివచ్చునది.

ఇంగ్లండులో దుఃఖవేషము విక్టోరియా రాణి కాలమున పరాకాష్ఠ నందెను. 1841 నాటికే లండను రీజెంటు వీధిలో దుఃఖవస్త్రములకే ప్రత్యేకముగా నొక పెద్ద యంగడి వెలసెను. 1861 డిసెంబరులో భర్తయగు ఆల్బర్టు మరణించిన పిమ్మట రాణి నల్లబట్టలు కట్టి, 1901 జనవరిలో తాను కన్నుమూయువఱకును వానిని విడువలేదు. మెఱుపులేని నల్లని క్రేపు ఎన్ని నెలలు కట్టవలయును, పిదప బూడిదరంగునకును లేత ఊదారంగునకును ఎప్పుడు దిగవచ్చును, ఏ బంధువునకు ఎంతకాలము పాటింపవలయును అని గృహిణులకు బోధించు పుస్తకములు బయలుదేఱెను. ధనికులకిది మర్యాద, పేదలకు ఋణము. క్రొత్తబట్ట కొనలేనివారు ఉన్న బట్టలకే నల్లరంగు అద్దుకొనిరి. ఈ యాడంబరమును రోసినవారిలో నవలాకారుడు చార్లెస్ డికెన్స్ ఒకడు. 1870 లో మరణించిన ఆయన, తన యంత్యక్రియలకు వచ్చువారు నల్లని కండువాలను, అంగీలను, టోపీలకు పొడుగు పట్టీలను ధరింపరాదని వీలునామాలోనే కట్టడి చేసెను. దుఃఖమున్నవానికి అవి అక్కఱలేదు. లేనివానికి అవి దుఃఖము నీయజాలవు అని ఆయన యభిప్రాయమై యుండవలెను.

అయినను దుఃఖవేషము కేవలము బూటకమని త్రోసివేయుటకు వీలులేదు. మనలో కర్త చెప్పులు విడిచి, అంగవస్త్రము తీసి, తడిబట్టతో నిలుచును. ఐరోపావాడు నల్లకోటు తొడుగుకొనును. ఒకడు విడుచుచున్నాడు, ఒకడు తొడుగుచున్నాడు. భావము మాత్రమొక్కటే: నేడు నా సుఖమును ప్రక్కకు బెట్టితిని, నేడు పోయినవారిది. తనంతట తాను చేసినపు డిది మర్యాదయే.

ఇతరులు చేయించినప్పుడో? విక్టోరియా నల్లబట్టను కోరి కట్టెను. కట్టియు సింహాసనము నేలెను. మన దేశమున కొన్ని కులములలో భర్తను గోల్పోయిన స్త్రీకి, పసిపిల్లయైనను సరే, తల గొఱిగించి, గాజులు తీసి, మోటుబట్ట కట్టబెట్టి, శుభకార్యములకు ఎదురురారాదనిరి. ఆమెను ఎవ్వరును అడుగలేదు. విడుచు గడువును ఎవ్వరును చెప్పలేదు. 1856 నాటి శాసనము వితంతువునకు పునర్వివాహమును సమ్మతించినను, తెలుగునాట ఆ శాసనమునకు ప్రాణము పోయుటకు 1881 డిసెంబరు 11 న వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపింపవలసివచ్చెను. నేటికిని పలుతావుల పదవనాడు గాజులు పగులగొట్టు తంతు మాసిపోలేదు. విడుచు స్వాతంత్ర్యము లేని వేషము దుఃఖచిహ్నము కాదు, శిక్ష.

ఇక కొలువువేషమును చూతము. నేడు ఉద్యోగార్థికి తప్పనిసరియని చెప్పు సూటు పుట్టుకచేత పెద్దమనుష్యుల వేషము కాదు. పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఇంగ్లండులో మర్యాదగల దుస్తు మోకాళ్ళవఱకు దిగు ఫ్రాకుకోటు. పొట్టికోటుతో గూడిన నేటి సూటు 1860 ప్రాంతమున పల్లెలలోను, సముద్రతీరములందును తీరికవేళ తొడుగుకొను వదులుబట్ట. గుమాస్తాలు దానిని కచేరీలకు దెచ్చిరి. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అదియే పట్టణపు కొలువుబట్టగా స్థిరపడెను. తాతలనాటి తీరికవేషము మనుమలకు పరీక్షావేషమైనది. కనుక ఏ బట్టయందును యోగ్యత స్వభావసిద్ధముగా లేదు; చూచువాని యలవాటునందే యున్నది. ఆ యలవాటునకు వెల చెల్లించువారు పేదలు. ఆ దేశపు కూలివారు ఆదివారపు సూటును సోమవారము కుదువబెట్టి, శనివారము కూలిడబ్బులతో విడిపించుకొనుట సామాన్యముగా నుండెను.

ఈ రెండు వేషములను ఒక్క జీవితమున ఎఱిగినవాడు గాంధీ. 1893 లో ఆయన ఫ్రాకుకోటు తొడిగి, తలపాగా చుట్టి దర్బాను న్యాయస్థానమునకు బోయెను. తలపాగా తీయుమని న్యాయాధికారి యనగా తీయక వెలుపలికి వచ్చెను. మఱుసటి సంవత్సరము నేటాలు ఉన్నతన్యాయస్థానమున న్యాయవాదిగా ప్రమాణము చేసినపుడు అదే యాజ్ఞ రాగా, పెద్ద పోరాటములకు బలము దాచుకొనవలెనని తలచి, తలవంచి తీసెను. కొలువువేషము ఆయనచేత తీయించినది అది. 1913 లో అచ్చటి భారతీయ కూలీలు సమ్మెకట్టగా కాల్పులలో కొందఱు మరణించిరి. వారిలో నధికభాగము ఒప్పందముపై చెన్నపట్టణపు రేవునుండి ఓడలెక్కిన కుటుంబములవారు. తమిళులతోబాటు తెలుగువారును ఆ యోడలలో బోయిరి. ఆ డిసెంబరులో చెఱనుండి విడుదలయైన గాంధీ, సీమదుస్తులు విడిచి, కూలీల బట్ట కట్టి, వట్టికాళ్ళతో దర్బాను సభకు వచ్చెను. ఆ దుఃఖవేషము ఎవ్వరును ఆజ్ఞాపించినది కాదు. అందుచేతనే ఆ జనులకు అది అర్థమైనది.

నా పూర్వశిష్యుడొకడు ఇంజనీరింగు ముగించి యొక సంస్థ పరీక్షకు బోయివచ్చి నాతో జెప్పిన మాట యిది: "మాస్టారూ, గదిలో ముగ్గురికిని ఒకటే కోటు. నా వంతు వచ్చుసరికి చంకలు తడిసియున్నవి. చేతులు పొట్టి. వారడిగిన ప్రశ్నకు జవాబు తెలియును. కాని చేయి చాపి బల్లపై వ్రాయుటకు సిగ్గుపడితిని." వానికి ఆ కొలువు రాలేదు. కోటు కారణమని నేను చెప్పలేను. కాని వాని తెలివిని పరీక్షింపవలసిన గంటలో వాడు తన ముంజేతులను దాచుకొనుచుండెననుట నిజము.

శుభ్రమైన బట్ట కట్టుమని కోరుట న్యాయము. ఎదుటివానిని గౌరవించి నలుగని వస్త్రము ధరించుట మనుష్యధర్మము. కాని కొలువిచ్చువారు, ఉతికిన మామూలు బట్ట చాలునని పిలుపుపత్రమున నొక్క పంక్తి చేర్చినచో, ఎందఱో బిడ్డలు అరువుకోటు వెదకు శ్రమ మాని చదువుకొందురు. ఇంటిపెద్దలు పదవనాడు గాజులమీద చేయివేయబోవు ముత్తైదువలను వారించి, ఆమెనే యొక్కమాట అడిగినచో, ఎందఱో తల్లులు తమ దుఃఖమును తమకు దోచినట్లు మోసికొందురు. ఈ రెండు పనులకు శాసనము అక్కఱలేదు. ఇంటిలోను కచేరీలోను పెద్దఱికము వహించినవారి సమ్మతి చాలును.