నూలు, ఊలు, పెరడు: బిలాస్‌పూర్ రైల్వే కాలనీ ఇళ్లలో చేతిపని

బిలాస్‌పూర్‌లో ఇంటి చేతిపనుల చరిత్రను రైలు రాకముందు, వచ్చాక అని విడదీసి చూడక తప్పదు. అర్పా నది ఒడ్డున వరిపొలాల మధ్య ఉన్న ఈ ఊరు పంతొమ్మిదో శతాబ్దం చివరి దాకా చిన్న జిల్లా కేంద్రం మాత్రమే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ, నాగపూర్ నుంచి రాజనందగావ్ దాకా అప్పటికే నడుస్తున్న మీటరు గేజి లైనును తీసుకుని వెడల్పు చేసి తూర్పుకు పొడిగించింది. 1891లో ఆ దారి ఆసన్‌సోల్ దాకా పూర్తయింది. కట్నీ వైపు మరో లైను చీలడంతో బిలాస్‌పూర్ జంక్షన్ అయింది. లోకోషెడ్డు, యార్డు, క్వార్టర్లు, ఇన్‌స్టిట్యూట్, బుధవారీ బజార్, వీటితో పాత ఊరి పక్కన మరో ఊరు లేచింది. మిల్లు నూలును ఊళ్ళోకి దింపి రాట్నాన్ని మూలకు నెట్టిన రైలే, ఈ రెండో ఊళ్లో అల్లికకూ పెరటి సాగుకూ చోటు చూపింది.

రైలుకు ముందు ఛత్తీస్‌గఢ్ మైదానంలో నూలు వడకడం ఇంటి ఆడవాళ్ళ పని. ముతక బట్ట నేత పన్కా, గాండా కులాలవారిది. కోసా (టసర్) పట్టు నేత కోష్టా కులస్తులది. తెల్లమద్ది, నల్లమద్ది చెట్ల ఆకులు తిని పెరిగే పురుగు కట్టిన గూళ్ళను ఉడికించి, నాలుగైదు గూళ్ళ పోగులను ఒకేసారి లాగి, తొడ మీద అరచేత్తో పురి తిప్పుతూ దారం తీయడం ఇక్కడి పద్ధతి. ఇలా తీసిన దారానికి వచ్చే గరుకు అందమే కోసా చీరకు పేరు తెచ్చింది. కానీ ఆ అందం వెనక రోజంతా వంగి కూర్చున్న నడుమూ, రాపిడికి కందిపోయిన తొడా ఉన్నాయి. బిలాస్‌పూర్ నుంచి హౌరా వైపు వెళ్తే వచ్చే చాంపా ఈ పనికి కేంద్రం.

పత్తి నూలు సంగతి వేరు. నాగపూర్‌లో జమ్‌షెడ్‌జీ టాటా ఎంప్రెస్ మిల్లు 1877లోనే మొదలైంది. 1890లలో రాజనందగావ్‌లో లేచిన మిల్లుకు తర్వాత బెంగాల్ నాగపూర్ కాటన్ మిల్స్ అని రైల్వే పేరే వచ్చింది. రైలు పెట్టెల్లో దిగిన మిల్లు నూలు చవక, సమానం, తెగదు. నేతగాడు దాన్నే కొన్నాడు. మగ్గం మిగిలింది, రాట్నం పోయింది. చేనేత కథ చెప్పేటప్పుడు నేతగాడి కష్టం గురించి చాలా రాస్తారు; అతని కంటే ముందే పని పోగొట్టుకున్న వడికే ఆడవాళ్ళ గురించి రాసింది తక్కువ.

తెలుగు కోస్తాలోనూ ఇదే జరిగింది. 1890లలో వేసిన తూర్పుకోస్తా లైనులో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. ఆ లైను మీదే ఉన్న శ్రీకాకుళం ప్రాంతపు పొందూరులో మాత్రం సన్న నూలు వడకడం ఆగలేదు. ఎందుకు ఆగలేదన్నదానికి జవాబు పనితనంలోనే ఉంది. కొండపత్తి, పునాస పత్తి వంటి స్థానిక రకాల్ని ముందు చేత్తో ఏరి శుభ్రం చేస్తారు. సన్నని పళ్ళున్న వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి పోగుల్ని చక్కబరుస్తారు. చెక్క మీద ఇనుపకడ్డీ దొర్లించి గింజ తీస్తారు. వింటినారితో దూది ఏకుతారు. ఏకుల్ని అరటి డొప్పలో దాచి, ఒకే కదురున్న రాట్నం మీద వడుకుతారు. అలా వచ్చే నూలు సన్నదనం వంద కౌంటు దాటుతుంది. ఆ నాణ్యతకు అప్పటి మిల్లు నూలు సాటి రాలేదు కాబట్టే పొందూరు నిలిచింది. 1921లో గాంధీ తన కొడుకు దేవదాస్‌ను ఈ పని చూడడానికి పంపాడు. అదే ఏడాది బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ దేశంలో ఇరవై లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది.

ఈ కోస్తా జిల్లాల నుంచే కంపెనీ పనికి మనుషులు కదిలారు. ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్, నాగపూర్ షెడ్లలోనూ యార్డుల్లోనూ తెలుగువాళ్ళ సంఖ్య పెరిగింది. ఈ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపినవారిలో బరంపురానికి చెందిన వి.వి.గిరి ఒకడు. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తి కావడంతో కొండల మీదుగా నేరుగా వచ్చే దారి దొరికింది. అయితే క్వార్టరు జీవితంలో వడకడానికి చోటు తక్కువ. పత్తి పొలం లేదు, ఏకులిచ్చేవారు లేరు, నెల జీతం వచ్చే ఇంట్లో నూలు అమ్ముకోవలసిన అవసరమూ లేదు. ఊళ్ళోని రాట్నం కాంగ్రెస్‌వాదుల ఇళ్ళలో తిరిగింది. 1924 చివర బెల్గాం కాంగ్రెస్ సభ్యత్వానికి నెలకు రెండు వేల గజాల నూలు షరతు పెట్టింది. ఏడాది తిరగకముందే దాన్ని సడలించవలసి వచ్చింది. 1925లో అఖిల భారత చరఖా సంఘం ఏర్పడింది. 1933 నవంబరులో హరిజన యాత్రలో గాంధీ బిలాస్‌పూర్ వచ్చాడు. కంపెనీ కొలువులో ఉన్నవాడికి మాత్రం ఖద్దరు తొడుక్కోవడం రాజకీయ ప్రకటన కిందే లెక్క.

స్వాతంత్ర్యం తర్వాత వడకడం ఇంటి నుంచి సంస్థల్లోకి మారింది. 1949లో పొందూరులో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం మొదలైంది. తమిళనాడుకు చెందిన ఏకాంబరనాథ్ రూపొందించిన అంబర్ చరఖా 1950ల్లో దేశమంతటా వ్యాపించింది. 1957లో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ వచ్చింది. ఒకటి కంటే ఎక్కువ కదుళ్ళు ఒకేసారి తిరిగే ఈ యంత్రం కూలి పెంచింది కానీ, వంటా పిల్లలూ చూసుకుంటూ మధ్యమధ్య తిప్పుకునే పాత రాట్నపు సౌలభ్యం అందులో లేదు.

అల్లిక మరో దారిన వచ్చింది. మన దేశానికి దీన్ని తెచ్చినవారు మిషనరీ స్త్రీలు, దొరల ఇళ్ళ ఆడవాళ్ళు. రైల్వే కాలనీల్లో డ్రైవర్లుగా, గార్డులుగా పనిచేసిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలది ఇది నిత్యపని. బిలాస్‌పూర్‌లో అల్లికకు చలి కూడా తోడైంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఊళ్ళోనే వణుకు పుడుతుంది. కట్నీ లైనులో మైకల్ కొండలెక్కి పెండ్రా రోడ్ చేరేసరికి చలి ఇంకా ముదురుతుంది. రాత్రి డ్యూటీకి వెళ్ళే పాయింట్స్‌మన్‌కూ, గూడ్సు గార్డుకూ స్వెట్టరు అలంకారం కాదు. ఉక్కపోత తప్ప వేరేది ఎరగని శ్రీకాకుళం ఆడవాళ్ళు ఊలు పట్టుకోవడం నేర్చింది ఈ అవసరంతోనే.

నేర్పింది బెంగాలీ, పంజాబీ, హిందీ పొరుగిళ్ళవాళ్ళు. అందుకే ఇక్కడి తెలుగు ఇళ్ళలోనూ సూదిని సలాయి అంటారు, కుట్టును ఫందా అంటారు, సీధా ఫందా, ఉల్టా ఫందా అని లెక్కపెడతారు. రెండు సలాయిలు, ఒక ఊలు ఉండ చాలు. అంచు బిగువుగా రావడానికి ఒక సీధా, ఒక ఉల్టా మార్చి అల్లుతారు. ముందుభాగం, వెనకభాగం, చేతులు విడివిడిగా అల్లి చివర కుడతారు. పిల్లవాడు ఎదిగితే స్వెట్టరు విప్పేసి, ఊలును చిలపగా చుట్టి ఉతికి, ముడతలు పోయేలా ఆరబెట్టి, కొత్త రంగు కలిపి మళ్ళీ పెద్దది అల్లుతారు. ఒకే ఊలు ముగ్గురు పిల్లల ఒంటి మీదికి మారడం ఆ తరం ఇళ్ళలో మామూలు. పొదుపు కోసం చేసిన పనే అయినా చారల అమరికలో ఎంతో కళ ఉండేది. దాన్ని కళగా ఎవరూ నమోదు చేయకపోవడం నష్టమే.

యుద్ధాలు ఈ పనికి మరో విలువ ఇచ్చాయి. రెండో ప్రపంచయుద్ధంలో సైనికుల కోసం మేజోళ్ళు, మఫ్లర్లు అల్లారు. 1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు దేశమంతటా ఆడవాళ్ళు జవాన్లకు స్వెట్టర్లు అల్లి పంపారు. అదే రోజుల్లో రైల్వే ఉద్యోగుల సంక్షేమ నిధితో చేతిపనుల కేంద్రాలు నడిచేవి. కుట్టుపని, అల్లిక నేర్పి ఇంటి ఆడవాళ్ళకు కొంత ఆదాయం చూపడం వాటి ఉద్దేశం. తర్వాతి కాలంలో గృహశోభ వంటి హిందీ పత్రికలు చలికాలానికి అల్లికల ప్రత్యేక సంచికలు వేసేవి. లూధియానా నుంచి చవకగా రెడీమేడ్ స్వెట్టర్లు, యాక్రిలిక్ దారం వచ్చాక రోజువారీ అవసరం తగ్గింది. ఇప్పుడు అల్లేది ఎక్కువగా పుట్టబోయే పాపాయికి టోపీ, మేజోళ్ళు.

మూడింటిలో గట్టిగా నిలిచింది పెరడే. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఇంటిని ఆనుకుని ఉండే కూరగాయల మడిని బారీ అంటారు. అందులో గుమ్మడి, సొర, మునగ, తోటకూర జాతులు, ఇంకా లెక్కలేనన్ని ఆకుకూరలు. ఇక్కడివాళ్ళ అమారీ భాజీ తెలుగువాళ్ళ గోంగూరే; వండే తీరు మాత్రం వేరు. క్వార్టరు వెనక దొరికిన ముక్కలో తెలుగు కుటుంబాలు కరివేపాకు, గోంగూర, బచ్చలి, పొట్ల, చిక్కుడు పెట్టాయి. వర్షాకాలం వాన పుష్కలం కాబట్టి పందిరి కూరలకు లోటు లేదు. చలికాలంలో టమాటా, కొత్తిమీర, పాలకూర. ఎండాకాలమే గండం, కుళాయి వచ్చే గంటలో నీళ్ళు పట్టి, పాత్రలు కడిగిన నీటిని కూడా పాదులకు మళ్ళించేవారు. కంపెనీ కాలంలో పెద్ద అధికారుల బంగళాల్లో మాలీలు పూలతోటలు పెంచారు. చిన్న క్వార్టర్లవాళ్ళు తినేవి పెంచారు. ఈ తేడా కాలనీ చెట్లలోనే కనిపించేది.

1942–43లో ఆహారోత్పత్తి పెంచమంటూ సర్కారు చేపట్టిన ఉద్యమం ఈ అలవాటుకు అధికారిక రూపం ఇచ్చింది. పట్టాల పక్కన, స్టేషన్ల చుట్టూ ఖాళీగా ఉన్న రైల్వే నేలను కింది తరగతి ఉద్యోగులకు లైసెన్సు మీద సాగుకివ్వడం అందులోంచే వచ్చింది. ఆక్రమణల్ని ఆపడానికి కూడా పనికొస్తుందని ఆ పద్ధతిని తర్వాతా కొనసాగించారు. 1955లో పాత బెంగాల్ నాగపూర్ రైల్వే లైన్లు దక్షిణ తూర్పు రైల్వేలో చేరాయి. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా దక్షిణ తూర్పు మధ్య రైల్వే మొదలైంది. కార్యాలయాలు, సిబ్బంది పెరిగాయి. అంతస్తుల క్వార్టర్లు లేచాయి. కింది అంతస్తువాళ్ళకు కొద్దిపాటి నేల, పైవాళ్ళకు బాల్కనీలో కుండీలు.

వడకడం ఇప్పుడు బిలాస్‌పూర్‌లో కోసా రూపంలోనే బలంగా ఉంది. కేంద్ర పట్టు మండలికి చెందిన టసర్ పట్టుపురుగుల విత్తన సంస్థ ప్రధాన కార్యాలయం ఈ ఊళ్ళోనే ఉంది. తొడ మీద దారం తీసే పద్ధతిని మాన్పించడానికి మండలి బునియాద్ అనే రీలింగ్ యంత్రాన్ని ఆడవాళ్ళకు అందిస్తోంది. పత్తి రాట్నాన్ని మూలకు నెట్టిన రాజనందగావ్ మిల్లు కూడా 2002లో మూతపడింది. పెరటి విషయానికొస్తే, 2018 డిసెంబరులో వచ్చిన రాష్ట్ర ప్రభుత్వం వాగు, పశువు, ఎరువుగుంతలతో పాటు బారీని కూడా తన ప్రధాన గ్రామీణ పథకంలో చేర్చి ఇంటి కూరగాయల సాగుకు సాయం చేసింది. అది పల్లెల కోసం ఉద్దేశించినది కాబట్టి రైల్వే కాలనీకి చేరలేదు. ఇక్కడి పెరడు ఇప్పటికీ క్వార్టరు కేటాయింపు మీద ఆధారపడ్డదే. బదిలీ అయినా, రిటైరైనా పాదుల్ని తర్వాత వచ్చేవారికి వదిలి వెళ్ళవలసిందే.