ఊరు పోయినా కాగితం ఉంది

మన బడిలో చదివిన వాళ్లలో చాలామందిని సొంతూరు ఏదని అడిగితే పేరు చెప్పగలరు, ఊరు చూపించలేరు. స్టీల్ ప్లాంటుకు భూములిచ్చిన ఊళ్ల పిల్లలం మనం. 1966లో ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అంటూ సాగిన ఉద్యమం, 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో ఇందిరాగాంధీ ప్రకటన, 1971 జనవరి 20న శంకుస్థాపన మనందరికీ తెలిసిన చరిత్రే. ఆ తర్వాత ఖాళీ అయిన ఊళ్ల సంగతి మాత్రం ఆయా ఇళ్లలో తప్ప మరెక్కడా పెద్దగా చెప్పుకోరు. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం వారు అడిగినప్పుడు, కొన్నేళ్లుగా సెలవు రోజుల్లో నేను చేస్తున్న పని గుర్తుకొచ్చింది. అది మా తాతముత్తాతలను కాగితాల్లో వెతకడం.

ఈ పనిలో ఇంగ్లండు వాళ్లు మనకంటే అదృష్టవంతులు. 1538లో వచ్చిన ఒక ఉత్తర్వు ప్రకారం ప్రతి చర్చిలోనూ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు పుస్తకంలో రాయడం మొదలైంది. 1841 నుంచి జనగణనలో ఇంటింటి మనుషుల పేర్లు ఉన్నాయి. నూరేళ్లు నిండాక ఆ పుస్తకాలను అందరికీ చూపిస్తారు. 1921 లెక్కలు 2022 జనవరిలో బయటికొచ్చాయి. ఏ పల్లెటూరి పాలేరు మనవడైనా నాలుగైదు తరాలు వెనక్కి వెళ్లగలడు. 1931 పుస్తకాలు మాత్రం 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. అంటే వాళ్ల గొలుసులోనూ ఒక లంకె లేదు.

మన జనగణన అలా పనికిరాదు. 1948 నాటి జనగణన చట్టం ప్రకారం మనిషి వారీ వివరాలు ఎవరికీ చూపించరు. కానీ ఊరి వారీ లెక్కలు అచ్చులో ఉన్నాయి. జిల్లా జనగణన పుస్తకాల్లో ప్రతి రెవెన్యూ గ్రామానికీ విస్తీర్ణం, ఇళ్లు, ఆడ మగ జనాభా, చదువుకున్న వాళ్ల సంఖ్య ఉంటాయి. 1961, 1971 పుస్తకాల్లో మా ఊరు ఒక వరుసలో ఉంది. పేర్లు లేకపోయినా, మా ఇల్లు ఆ ఇళ్ల లెక్కలో ఒకటి కదా అనుకున్నాను.

మరి పేర్లు ఎక్కడ దొరుకుతాయి? భూమి కాగితాల్లో.

నేను ఇంజనీరును. పాత యంత్రం డ్రాయింగు కావాలంటే ఆఖరి రివిజన్ నుంచి ఒక్కొక్కటే వెనక్కి వెళతాం. ఇక్కడా అదే పద్ధతి. మొదటిది మా నాన్న ఇనప్పెట్టెలోని ఆర్ కార్డు, అంటే నిర్వాసిత కార్డు. దాని వెనక భూసేకరణ అవార్డు. 1894 చట్టం కింద ఇచ్చిన ఆ అవార్డుల్లో సర్వే నంబరు, విస్తీర్ణం, అనుభవదారు పేరు, తండ్రి పేరు వరుసగా ఉంటాయి. భూమితోపాటు ఇళ్లకూ, బావులకూ, చెట్లకూ విడివిడిగా విలువ కట్టేవారు.

దాని వెనక సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. మన ప్రాంతంలో చాలా ఊళ్లు జమీందారీలవి. 1802 శాశ్వత శిస్తు ఏర్పాటు నుంచి రైతుకూ సర్కారుకూ మధ్య జమీందారు ఉండేవాడు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ ఊళ్లను సర్కారు తీసుకుని, సర్వే చేయించి, ఎవరి పేరున ఏ భూమి ఉందో రాయించింది. మా తాత పేరు మొదటిసారి కనిపించింది అక్కడే. పాత లెక్కలు చూసే వాళ్లకు ఒక చిట్కా: ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1360 అంటే 1950 జూలై నుంచి 1951 జూన్ వరకు.

అంతకు ముందుకు వెళ్లాలంటే కష్టం. ఇనాం భూములున్న వాళ్లకు 1860ల నాటి ఇనాం రిజిస్టర్లు ఉన్నాయి. మొదట దానం పుచ్చుకున్నది ఎవరు, అప్పుడు అనుభవిస్తున్నది ఎవరు అని వాటిలో రాశారు. అర్చకులు, కరణాలు, ఊరి చాకలి, మంగలి అక్కడ కనిపిస్తారు. జిరాయితీ రైతు లెక్క మాత్రం జమీందారు కచేరీలోనూ కరణం ఇంట్లోనూ ఉండేది. 1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. అప్పుడు చాలాచోట్ల పాత కట్టలు అటకల మీదే ఉండిపోయాయి. వాటిలో చెదలు తిన్నవెన్నో, పొయ్యిలోకి పోయినవెన్నో.

ఈ వెతుకులాటలో నాకు తెలిసొచ్చిన అసలు సంగతి వేరే ఉంది. భూమి కాగితం భూమి ఉన్నవాడికే పేరు పెడుతుంది. మా ఊళ్లో కూలి చేసుకుని బతికిన ఇళ్లే ఎక్కువ. వాళ్లు దున్నిన చెక్క అడంగల్లో ఉంది, వాళ్లు లేరు. ఆడవాళ్లూ లేరు. మా నాయనమ్మ పేరు నాకు ఒకేఒక్క చోట దొరికింది. భూసేకరణలో ఒక తాటాకిల్లు, ఒక నుయ్యి, పదకొండు తాటిచెట్లు ఆవిడ పేరున ఉన్నాయి. పక్కన వేలిముద్ర. తాతకు నాలుగు చోట్ల పేరుంది, సంతకం ఒక్కచోటా లేదు. నాయనమ్మది పేరు ఒక్కచోటే, కానీ ఆవిడ వేలి గీతలు ఇప్పటికీ ఉన్నాయి. ఊరు ఖాళీ అయితే తప్ప ఆవిడ పేరు రాసే అవసరం ఎవరికీ రాలేదన్న మాట.

భూమి లేనివాళ్ల పేర్లు పూర్తిగా రాసిన పుస్తకాలు కూడా ఉన్నాయి. అవి మన దేశంలో కంటే సముద్రం అవతల ఎక్కువ దొరుకుతాయి. 1860 నుంచి 1911 దాకా లక్షా యాభై వేలకు పైగా మనుషులు మద్రాసు, కలకత్తా రేవుల నుంచి ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాలుకు వెళ్లారు. మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. మన విశాఖపట్నం జిల్లా వాళ్లూ అలా వెళ్లినవారిలో ఉన్నారు. ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తు రాసుకున్నారు. మారిషస్‌లో అయితే 1860ల నుంచి ఫొటోలు కూడా తీశారు. ఆ దస్త్రాలు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి.

ఉద్యోగం మీద డర్బన్‌లో ఉన్నప్పుడు ఒక సహోద్యోగి తన ముత్తాత తండ్రి చీటీ నకలు చూపించాడు. ఇంగ్లీషులో రాసిన ఆ పేరును అతను పలికిన తీరు నాకు అర్థం కాలేదు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటే ‘అప్పలస్వామి’ అయింది. జిల్లా ఏదో చూడకుండానే మనవాడేనన్నాను. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకునే నేల మనదే కదా. అప్పలనరసమ్మ, సింహాచలం, పైడితల్లి పేరున పైడయ్య, నూకాలమ్మ పేరున నూకరాజు, పోలమాంబ పేరున పోలయ్య. చిరునామా లేకపోయినా ఈ పేర్లే మనిషిని ఉత్తరాంధ్రకు తీసుకొస్తాయి. ఊరి పేరు మాత్రం తేలలేదు. రాసిన స్పెల్లింగుకు మూడు ఊళ్లు సరిపోతున్నాయి. తాత పేరు మనవడికి పెట్టే మన అలవాటు వల్ల ఒక్కో ఊళ్లో ముగ్గురు అప్పలస్వాములు ఉంటారు. తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరు - కనీసం రెండు కలిస్తేనే ‘మా వాళ్లు’ అనాలని అక్కడే నేర్చుకున్నాను.

ఇక ‘రంగం’ వెళ్లిన వాళ్ల సంగతి. మన అమ్మమ్మలు రంగూన్‌ను అలాగే అనేవారు. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి బర్మా వెళ్లి, పనులయ్యాక తిరిగొచ్చేవారు. నేటాలు కూలీలకున్నట్టు వాళ్లకు మనిషి వారీ ఒప్పంద పుస్తకాలు లేవు. జపాన్ దాడి తర్వాత 1942లో అడవుల్లోంచి నడిచొచ్చిన వాళ్ల కథలు నోటిమాటగానే మిగిలాయి. అవి చెప్పగల వాళ్లు ఇప్పుడు ఎందరున్నారు?

మిత్రులారా, గురువుగారలారా, ఇంత చెప్పింది ఒక విన్నపం కోసం. నేటాలు పుస్తకంలో ‘ఒంటి మీది గుర్తు’ గడి చూడగానే నాకు మన పదో తరగతి సర్టిఫికెట్ మీది రెండు పుట్టుమచ్చలు గుర్తొచ్చాయి. అప్పుడే మన బడి అడ్మిషన్ రిజిస్టరు విలువ తెలిసింది. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, ఊరు అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. ఇంగ్లండు పల్లెకు చర్చి పుస్తకం ఎలాంటిదో మన ఊళ్లకు ఇది అలాంటిది. పైగా దీంట్లో కూలివాడి కొడుకుకూ, మునసబు కొడుకుకూ, ఆడపిల్లకూ ఒకే వెడల్పు గడి. ఖాళీ అయిన ఊళ్ల పేర్లు, ఆ ఊళ్ల పిల్లల పేర్ల పక్కన మన మాస్టార్ల చేతిరాతలో ఉన్నాయి.

ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకుని, పాత రిజిస్టర్లను పేజీ పేజీ స్కాన్ చేయించి, ఒక ప్రతి బడికి, ఒకటి భద్రంగా మరోచోట ఉంచాలని నా ప్రతిపాదన. కులం, పుట్టినతేదీ లాంటి వివరాలున్నాయి కాబట్టి నెట్‌లో పెట్టకూడదు. అడిగిన కుటుంబానికి వాళ్ల వరుస మాత్రమే చూపించాలి. ఖర్చులో నా వంతు ఇస్తాను. శని, ఆదివారాలు వచ్చి కూర్చుంటాను.

ఈలోగా ఇంట్లో పెద్దవాళ్లుంటే ఒక నోటు పుస్తకం పట్టుకుని కూర్చోండి. తాత తండ్రి పేరేమిటి, నాయనమ్మ, అమ్మమ్మల పుట్టిళ్లు ఏ ఊళ్లు, పొలం పక్కన ఏ గెడ్డ పారేది అని అడగండి. ముందు ఆడవాళ్ల పేర్లు రాసుకోండి. మగవాళ్ల పేర్లు ఏదో ఒక కచేరీలో దొరుకుతాయి.