అల్లుడికి లేని తలుపు

విదేశంలో పెళ్లి చేసుకుని, భార్యనో భర్తనో వెంటబెట్టుకుని సొంతూరికి తిరిగొచ్చే భారతీయుల గురించి మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు ఒకే వరసలో నడుస్తాయి. ఒకప్పుడు వీసా కష్టాలు ఉండేవి, 1999లో పీఐఓ (భారత సంతతి వ్యక్తి) కార్డు వచ్చింది, 2006లో ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) వచ్చింది, 2015లో రెండూ కలిసిపోయి దారి సుగమమైంది. నేనూ చాలాకాలం ఇదే నమ్మాను. 1955 నాటి పౌరసత్వ చట్టం మూలపాఠాన్నీ, 1986, 1992, 2003, 2015 సవరణలనూ పక్కపక్కన పెట్టుకుని చదివాక ఆ నమ్మకం నిలవలేదు. ఈ కథనంలో విదేశీ కోడలు కనిపిస్తుంది గాని విదేశీ అల్లుడు కనిపించడు. పైగా 2003లో ఒక దారి మూసుకుపోయిన సంగతి అసలు ప్రస్తావనకే రాదు.

బ్రిటిష్ కాలం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1914 నాటి బ్రిటిష్ జాతీయతా చట్టం ప్రకారం భర్తది ఏ దేశమో భార్యదీ ఆ దేశమే. బి.కె. నెహ్రూను 1935లో పెళ్లాడిన హంగేరీ యువతి ఫోరీ నెహ్రూ వంటివారికి వర్తించిన సూత్రం అది. మనవాళ్లు గమనించవలసిన తేడా ఒకటుంది. నిజాం సంస్థానం ప్రజలు చట్టరీత్యా బ్రిటిష్ ప్రజలు కారు, బ్రిటిష్ రక్షణ కింద ఉన్నవారు మాత్రమే. కాబట్టి గుంటూరు కుర్రాడు బెర్లిన్‌లో పెళ్లి చేసుకుంటే ఆ అమ్మాయికి దానంతటదే వచ్చే హోదా, వరంగల్ కుర్రాడిని చేసుకుంటే వచ్చేది కాదు. స్వాతంత్ర్యం తర్వాత మరో ఖాళీ ఏర్పడింది. రాజ్యాంగం ఆనాటికి ఎవరు పౌరులో చెప్పింది. ఆ తర్వాత కొత్తగా ఎవరు, ఎలా పౌరులవుతారో తేల్చే పనిని పార్లమెంటుకు వదిలింది. ఆ చట్టం 1955 డిసెంబరు 30న గాని రాలేదు.

అసలు చర్చ ఇక్కడి నుంచే మొదలు కావాలి. 1955 చట్టం 5వ సెక్షన్, 1వ ఉపసెక్షన్, సి క్లాజు ఎవరు రిజిస్ట్రేషన్ ద్వారా పౌరులు కావచ్చో చెబుతూ, భారత పౌరులకు భార్యలుగా ఉన్న, లేదా ఒకప్పుడు ఉండిన స్త్రీలు అంటుంది. ఇంత చిన్న క్లాజులో ఎంతో ఉదారత ఉంది. ఇన్నేళ్లు ఇక్కడ కాపురం ఉండాలన్న షరతు ఆ క్లాజులో లేదు. భర్త పోయినా, విడాకులైనా ఆమె హక్కు పోదు, ఎందుకంటే "ఒకప్పుడు ఉండిన" అన్న మాట ఆమెను కాపాడుతుంది. 1968లో పెళ్లయిన సోనియా గాంధీ 1983లో రిజిస్ట్రేషన్ ద్వారా పౌరురాలైంది ఈ మాటలు అమల్లో ఉన్న రోజుల్లోనే. ఆ ఉదంతం మీద రాజకీయంగా ఎన్నో పేజీలు రాశారు. ఆ క్లాజులో ఉన్నది "స్త్రీలు" అన్న మాట అనీ, భారతీయురాలిని పెళ్లాడిన పురుషుడికి అందులో చోటే లేదనీ మాత్రం ఆ రాతల్లో నాకు ఎక్కడా కనబడలేదు.

అలాంటి పురుషుడికి మిగిలింది సహజీకరణ దారి. అప్పటి నిబంధనల ప్రకారం దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు నిరంతరంగా ఇక్కడ ఉండాలి, అంతకు ముందు ఏడేళ్లలో నాలుగేళ్లు ఉండి ఉండాలి, మంచి నడవడిక ఉండాలి, ఎనిమిదో షెడ్యూలు భాషల్లో ఒకటి తగినంత రావాలి. ఆ షెడ్యూలులో తెలుగు ఉంది కాబట్టి మన అల్లుడికి తెలుగు వస్తే ఆ షరతు తీరేది.

నా వాదనకు ఎదురు చెప్పగలిగేవారు ఉన్నారు, వారి మాటలో బలమూ ఉంది. మొత్తం కలిపితే అయిదేళ్లేగా, అదేం పెద్ద కాలం అనవచ్చు. అల్లుడు బ్రిటిష్ పౌరుడో మరో కామన్వెల్త్ దేశస్థుడో అయితే అతనికి అదే 5వ సెక్షన్‌లో ఇంకో క్లాజు ఉందనీ చెప్పవచ్చు. రెండూ నిజమే. లారీ బేకర్ ఉదాహరణ తీసుకోండి. 1945లో మన దేశానికి వచ్చి, 1948లో మలయాళీ డాక్టర్ ఎలిజబెత్ జేకబ్‌ను పెళ్లాడి, కొండ ప్రాంతాల్లోనూ కేరళలోనూ పేదల ఇళ్లకు కొత్త రూపమిచ్చిన ఆ ఆర్కిటెక్ట్ భారత పౌరుడైంది 1989లో. ఆయన బ్రిటిష్ పౌరుడు గనుక కామన్వెల్త్ దారి ముందునుంచీ ఉన్నదే. కాబట్టి భర్తలకూ సి క్లాజులో చోటిస్తూ 1987లో అమల్లోకి వచ్చిన మార్పు వల్లనే ఆయన పౌరుడయ్యాడని నేను అనను. ఇక్కడ నాకు ముఖ్యమనిపించేది వేరు. నలభై ఏళ్లకు పైబడిన కాపురంలో అధికభాగం, ఆ కాపురానికి చట్టం దృష్టిలో విలువ లేదు. అలాంటి అల్లుడు కామన్వెల్త్ దేశస్థుడిగా అడగవచ్చు, ఇక్కడ చాలాకాలం ఉన్నవాడిగా అడగవచ్చు. ఫలానా ఆవిడ భర్తనని అడగడానికి మాత్రం వీల్లేదు. అంటే తక్కువైంది ఆ భర్త హక్కు ఒక్కటే కాదు, ఆ భారతీయురాలి హక్కు కూడా.

పిల్లల విషయానికి వస్తే ఈ తేడా ఇంకా కరుకుగా కనిపిస్తుంది. 1992 డిసెంబరు 10కి ముందు విదేశంలో పుట్టిన బిడ్డకు వంశపారంపర్యంగా పౌరసత్వం వచ్చేది తండ్రి ద్వారానే. విజయవాడలో ఒక ఇల్లు అనుకుందాం. 1980లో అన్నా చెల్లెలూ ఇద్దరూ జర్మనీలో ఉన్నారు, ఇద్దరివీ భారత పాస్‌పోర్టులే, ఇద్దరూ జర్మన్లనే పెళ్లాడారు, చెరో బిడ్డా అక్కడే పుట్టారు. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు అన్న వెంట వచ్చే బిడ్డ భారతీయుడు, భార్య రిజిస్ట్రేషన్‌కు అర్హురాలు. చెల్లెలి వెంట వచ్చే ఇద్దరూ విదేశీయులే. ఆమె బిడ్డ తాతగారింట్లో ఎక్కువకాలం ఉండాలంటే విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్యాలయం ఏమంటుందో చూసుకోవాలి. అయితే బిడ్డ ఇక్కడే పుడితే ఆ చిక్కు లేదు. 1987 జూలై 1కి ముందు మన నేల మీద పుట్టినవారు, దౌత్యవేత్తల పిల్లల వంటి కొద్ది మినహాయింపులు పోను, పౌరులే. పురిటికి పుట్టింటికి రావడమన్న మన ఆచారం ఎందరు పిల్లలకు ఈ లోటు తీర్చిందో ఎవరూ లెక్క రాయలేదు గాని, తీర్చిందన్నది ఖాయం.

1986 సవరణ అనగానే చరిత్రకారులు అస్సాం ఒప్పందాన్నీ, పుట్టుకతో పౌరసత్వానికి పెట్టిన కొత్త షరతునూ చెబుతారు. అదే సవరణ సి క్లాజులో "స్త్రీలు" తీసేసి "వ్యక్తులు" అని రాసింది. అల్లుడికి మొదటిసారి చోటు దొరికింది అక్కడ. దీన్ని స్త్రీపురుష సమానత్వం కోసం వేసిన అడుగుగా చెప్పేవారితో నేను ఏకీభవించను. అక్రమ వలసల భయంతో ప్రతి తలుపుకూ గడియ బిగించే పనిలో ఆ సవరణ వచ్చింది. అందుకే "వ్యక్తులు" అన్న మాట వెంటే అయిదేళ్ల నివాసమన్న షరతూ వచ్చింది. అల్లుడికి సగం ఇచ్చారు, కోడలికి ఉన్నదాంట్లో సగం తీశారు, ఇద్దరూ సమానమయ్యారు. ఫలితం మంచిదే, కాదనను. కారణాన్ని మాత్రం ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి.

2003 నాటి సవరణను అందరూ ఓసీఐకి పునాదిగా గుర్తుపెట్టుకున్నారు. అదే సవరణ అయిదేళ్లను ఏడేళ్లు చేసింది, "లేదా ఒకప్పుడు ఉండిన" అన్న మాటలను కొట్టేసింది. అది అమల్లోకి వచ్చినప్పటి నుంచి, దరఖాస్తు పెట్టే నాటికి పెళ్లి నిలిచి ఉంటేనే సి క్లాజు. ఆరో ఏట భర్త పోయిన విదేశీ కోడలు, అత్తమామలను చూసుకుంటూ ఆ ఊళ్లోనే ఉండిపోదామనుకున్నా, ఆ క్లాజు మాటల ప్రకారం అర్హురాలు కాదు. 1955 నాటి చట్టం ఆమె పట్ల ఇంతకంటే దయగా ఉండేది. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించే మార్పు ఇదే.

కార్డుల సంగతి అందరికీ తెలిసిందే గనుక క్లుప్తంగా చెబుతాను. 1999 పీఐఓ కార్డు భారతీయుల జీవిత భాగస్వాములకూ దొరికేది, కానీ ఫీజు వెయ్యి డాలర్లు. 2002లో అది పదిహేను వేల రూపాయలకు దిగింది, గడువూ ఇరవై ఏళ్ల నుంచి పదిహేనేళ్లకు తగ్గింది. 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రధాని మన్మోహన్ సింగ్ మొదటి ఓసీఐ కార్డులు అందజేశారు. మనవాళ్లు గర్వంగా చెప్పుకునే ఆ కార్డులో భారత సంతతి కాని భార్యకు గాని భర్తకు గాని చోటు లేదు. ఆ చోటు వచ్చింది 2015లో.

ఇప్పటి ఓసీఐ మేలు చేసిందనడంలో నాకు సందేహం లేదు. జీవితకాల వీసా, ఉద్యోగానికి వీలు, విదేశీయుల కార్యాలయంలో పేరు నమోదు అక్కర్లేకపోవడం చిన్న సంగతులు కావు. వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేకపోవడాన్ని కూడా అర్థం చేసుకోగలను. కానీ రెండు షరతుల మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. తల్లిదండ్రులో, తాతముత్తాతలో ఎవరైనా ఎప్పుడైనా పాకిస్తాన్ లేదా బంగ్లాదేశ్ పౌరులై ఉంటే ఈ కార్డు లేదు. 1947 తర్వాత రెండుగా చీలిన హైదరాబాద్ పాతబస్తీ కుటుంబాలకు ముత్తాత దాకా వెళ్లే ఈ నిబంధన ఎంత భారమో అక్కడివారికి తెలుసు. ఇక 7డి సెక్షన్ ప్రకారం వివాహం రద్దయితే కార్డునూ రద్దు చేయవచ్చు. పదేళ్లు ఇక్కడ పనిచేసి, పిల్లల్ని ఇక్కడి బడికి పంపుతున్న తల్లి అయినా ఇంతే. చెడిన కాపురంలోంచి బయటపడాలా, పిల్లలున్న దేశంలో ఉండాలా అన్న లెక్క ఆమె వేసుకోవలసి వస్తుంది. అలాంటి భార్య మీద భర్త చేతికి చట్టం ఒక ఆయుధం ఇచ్చినట్టే.

మా మేనకోడలు బెల్జియం అబ్బాయిని పెళ్లాడి 2019లో కాకినాడ వచ్చేసింది. పెళ్లి 2014లోనే అన్నవరంలో, సత్యనారాయణస్వామి కొండ మీద, మా అందరి ముందే జరిగింది. అయితే ఇద్దరూ హిందువులైతే తప్ప హిందూ వివాహ చట్టం వర్తించదు. ప్రత్యేక వివాహ చట్టం కింద ముప్ఫై రోజుల నోటీసు బోర్డు మీద అతికించి, రిజిస్టరు చేయించుకునేసరికి 2018 చివరైంది. ఓసీఐకి ఉండవలసిన రెండేళ్ల వివాహకాలాన్ని ఒక కార్యాలయంలో ఆ తేదీ నుంచే లెక్కగట్టారు. ఫైలులో పెట్టుకెళ్లిన తలంబ్రాల ఫోటోను గుమస్తా మర్యాదగానే చూసి, తిరిగి ఇచ్చేశాడు. "మామయ్యా, అయిదేళ్ల కాపురం ఆ ఊదారంగు ముద్ర ముందు నిలబడలేదు," అంది ఆ సాయంత్రం. రెండేళ్లు పూర్తయ్యేదాకా అతను ఎంట్రీ వీసా మీదే ఉన్నాడు. ఉద్యోగం చేయడానికి లేదు గనుక వీధిలో పిల్లలకు ఉచితంగా లెక్కలు చెప్పాడు, వాళ్ల దగ్గర తెలుగు నేర్చుకున్నాడు.

2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త వలసల, విదేశీయుల చట్టం 1920, 1939, 1946 నాటి పాత చట్టాల స్థానంలోకి వచ్చింది. సి క్లాజు మాత్రం 2003లో ఎలా మారిందో అలాగే ఉంది. అతనికి ఏడేళ్ల నివాసం పూర్తి కావస్తోంది. ఇప్పుడు రిజిస్ట్రేషన్ ఫారం నింపితే బెల్జియం పౌరసత్వం వదులుకోవాలి. గెంట్‌లో అతని తల్లికి ఎనభై దాటాయి, ఒంటరిగా ఉంటుంది. ఫారం మా మేనకోడలి బీరువాలో, ఆ తలంబ్రాల ఫోటో పక్కనే, ఖాళీగా ఉంది.