చెఱువు త్రవ్వుటయు చెఱువు నిలుపుటయు

నల్లమల యంచున నున్న అచ్చంపేట సీమ 2016 వఱకు మహబూబునగరు జిల్లాలోనిది. పిమ్మట నాగరుకర్నూలు జిల్లాలో చేరినది. 2025 మే 19వ తేదీన ఈ సీమలో, అమ్రాబాదు మండలపు మాచారము గ్రామమున, తెలంగాణ ప్రభుత్వము 'ఇందిర సౌర గిరి జల వికాసము' అను పథకమును ప్రారంభించెను. అటవీ హక్కుల చట్టముచే పట్టాలు పొందిన గిరిజన రైతుల భూములకు బోరుబావులను, సూర్యరశ్మితో నడచు పంపులను ప్రభుత్వ వ్యయముతోనే సమకూర్చుట దీని యుద్దేశము. 2 లక్షల 10 వేలమంది రైతులు, 6 లక్షల యెకరములు, 12,600 కోట్ల రూపాయలు అని నాటి ప్రకటన. వానలు గతులు తప్పుచున్న యీ కాలమున కొండభూములకు ఇంత ధనము కేటాయించుట సంతోషింపదగినదే. అయినను ఈ దేశపు నీటి చరిత్ర నెఱిగినవారికి ఒక ప్రశ్న తోచక మానదు. పదియేండ్ల పిమ్మట ఆ పంపులను బాగుచేయు వారెవరు? పంపు తోడిన నీటిని మఱల భూగర్భమున నింపున దేది?

మన పూర్వులు చెఱువు త్రవ్వించుటను సప్తసంతానములలో నొకటిగా నెంచిరి. పాకాల, రామప్ప, లక్నవరము చెఱువులు కాకతీయుల కాలమున వెలసి నేటికిని నీరు నిలుపుచున్నవి. త్రవ్వించినవానికి పుణ్యము కలదు, సరే. ఏటేట గండి పూడ్చువానికి పుణ్యమేమి? అందుచేతనే కాబోలు, పుణ్యముతో తీరని పనికి భూమి నిచ్చిరి. దానికి దశబంధమని పేరు. చెఱువును కట్టినవానికో, బాగుచేసినవానికో దాని క్రింది భూమిలో గాని ఫలసాయములో గాని పదవవంతు చెల్లుచుండెడిది. కట్టను చక్కగా నుంచవలెననునది ఆ యీవికి షరతు. తూము విప్పి కట్టు నీరటికి వేఱుగా మాన్య ముండెడిది. చెఱువెండిన యేట పదవవంతునకు విలువ లేదు గనుక, మరమ్మతు చేయుటకు పై యధికారి తాకీదు రానక్కఱలేదు.

ఇట్లనుటచే పూర్వకాలమును ఆకసమున కెత్తుట మా యభిమతము గాదు. తట్టలు మోసిన కూలికి ఆ పదవవంతులో పాలు లేదు. అడవిలోని చెంచులకు అసలే లేదు. కాలక్రమమున పలుచోట్ల మాన్యము మిగిలినది, మరమ్మతు మఱవబడినది.

ఆంగ్లేయుల యేలుబడిలో కఱవునకై ధనము వేఱుగా తీసియుంచుట యను పద్ధతి వచ్చినది. 1876-78 సంవత్సరముల ఘోరక్షామము దక్షిణాపథమున లక్షలాది ప్రాణములను బలిగొనగా, భారత ప్రభుత్వము 1878లో ఏటేట కోటిన్నర రూపాయల క్షామరక్షానిధిని ఏర్పఱచి, దానికై క్రొత్త పన్నులు వేసెను. ఆ యేడే ఆఫ్ఘను యుద్ధము మొదలయ్యెను. కఱవు పేర వసూలైన ధనము యుద్ధవ్యయమున కలిసిపోయినదని దేశమంతట గగ్గోలు పుట్టెను. అచ్చంపేట నాడు నిజాము రాజ్యములోనిది గనుక ఈ పన్నులు దాని నంటలేదు. అయినను ఒక పనికి తీసిన నిధి ఇంకొక పనికి జాఱుట ఎంత సులభమో ఈ ముచ్చట తెలుపుచున్నది.

స్వాతంత్ర్యానంతరము 1973-74లో కఱవు పీడిత ప్రాంతముల పథకము వచ్చెను. మహబూబునగరు, నల్లగొండ రెండును అందు చేరినవి. అప్పటికిని ఆ పిమ్మటను పాలమూరు కూలీలు దేశమంతట ఆనకట్టలు కట్టుచు, కాలువలు త్రవ్వుచుండిరి. మన్ను త్రవ్వుటలో వీరిని మించినవారు లేరు. వీరి యూరి చెఱువు మాత్రము పూడియుండెను. ఇంతకంటె సిగ్గుపడదగిన సంగతి మాకు తోచదు. 1994లో హనుమంతరావుగారి సంఘము ఈ పథకమును పరిశీలించి, శాఖలవారీగా చెదరిన పనులవలన ఫలము స్వల్పమని తేల్చెను. ఇంచుమించు 500 హెక్టార్ల పరీవాహక ప్రదేశము నొక్కటిగా గైకొని, గ్రామస్థుల సంఘములకే పని యప్పగింపవలెననియు, లబ్ధి పొందినవారు చెల్లించు కొంత సొమ్మును తరువాతి మరమ్మతులకై నిధిగా నుంచవలెననియు నిర్ణయించిరి. దశబంధము వేఱొక వేషమున మఱల వచ్చిన దనవచ్చును.

2015 మార్చి 12వ తేదీన సదాశివనగరమున మొదలైన మిషను కాకతీయ 46 వేలకు పైబడిన చెఱువులను బాగుచేయ సంకల్పించెను. పూడిక తీయుట ప్రభుత్వపు వంతు, దానిని పొలమునకు తోలుకొనుట రైతు వంతు. ఒండ్రుమట్టి పొలమునకు బలము, చెఱువునకు లోతు. ఈ యేర్పాటును మేము మెచ్చుకొనుచున్నాము. కాని పూడిక యొకసారి తీసిన పోవునది కాదు. ప్రతి వానకును వచ్చి చేరుచునే యుండును. మత్తడి చెదరిన నాడు మఱల ఎస్టిమేటు, మఱల మంజూరు, మఱల టెండరు.

మాచారపు పథకమునకు చెఱువు సయితము లేదు. కంటికి కానరాని భూగర్భజలమే దాని చెఱువు. ఎగువ వాలులలో కందకములు త్రవ్వి, రాతికట్టలు వేసి, అడవిని నిలిపి వాననీటిని ఇంకింపనిచో, ఎండ కాయు దినములన్నిటను నడచు పంపు ఆ చెఱువును త్వరగానే వట్టిచేయును. 12,600 కోట్లలో పదవవంతు 1,260 కోట్లు. అంత సొమ్మును నీటిని ఇంకించుటకును, పంపుల మరమ్మతులకును వేఱు పద్దున నుంచి, ఆ పద్దును ఏటేట గ్రామసభలో, స్త్రీలు కూడ వినునట్లు, చదువుటకు వీలున్నదో లేదో అధికారులు చెప్పవలసియున్నది.