వాహన తాళంచెవి

వాహన తాళంచెవి అనగా కారు, మోటారు సైకిలు మొదలైన వాహనాల తలుపులు తెరవడానికి, ఇంజను నడపడానికి ఉపయోగించే సాధనం. వ్యవహారంలో దీనిని తాళం అనీ, కీ అనీ అంటారు. వాహనంతో పాటు వచ్చే రెండవ తాళంచెవిని, తరువాత చేయించుకున్న నకలును కూడా మారుతాళం అనడం వాడుక. 1990ల వరకు ఇది చాలా వాహనాలలో పళ్ళు కోసిన లోహపు ముక్క మాత్రమే. ఆ తరువాత దాని పిడిలో ఎలక్ట్రానిక్ చిప్ చేరింది. అందువలన తాళంచెవి పోయినపుడు కొత్త లోహపు ముక్క కోయించుకుంటే సరిపోదు. కొత్త చిప్‌ను వాహనానికి పరిచయం చేయాలి, పోయిన చిప్‌ను వాహనపు జ్ఞాపకం నుండి తొలగించాలి. ఈ రెండవ పనిని చాలామంది మరచిపోతారు.

చరిత్ర

అంబాసిడర్, 1983లో మార్కెట్లోకి వచ్చిన మారుతి 800 వంటి కార్లకు మొదట్లో లోహపు తాళంచెవులే ఉండేవి. తాళం లోపల స్ప్రింగులపై చిన్న పలకలు ఉంటాయి. తాళంచెవి పళ్ళు ఆ పలకలన్నిటినీ సరియైన ఎత్తుకు తెచ్చినపుడే తాళం తిరుగుతుంది. ఏళ్ళ తరబడి వాడి పలకలు అరిగిపోతే మరొక బండి తాళంచెవితో కూడా తిరగవచ్చు. తీగలు కలిపి ఇంజను నడిపించే దొంగలకైతే తాళంచెవితోనే పని లేదు.

1986లో అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ సంస్థ తన కార్వెట్ కారు తాళంచెవిలో చిన్న విద్యుత్ నిరోధకాన్ని అమర్చింది. నిరోధక విలువ సరిపోతేనే ఇంజను నడిచేది. అయితే మొత్తం 15 విలువలే ఉండడంతో వాటన్నిటినీ ఒకటొకటిగా ప్రయత్నించే వీలుండేది. తరువాతి దశ రేడియో చిప్. ఐరోపా సమాజ దేశాలలో 1998 అక్టోబరు నుండి, కెనడాలో 2007 సెప్టెంబరు నుండి కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి అయింది. భారతదేశంలో మారుతి సంస్థ దీనిని ఐ-క్యాట్స్ అనే పేరుతో ప్రవేశపెట్టింది.

పనిచేసే విధానం

ఇమ్మొబిలైజర్ చిప్‌కు బ్యాటరీ అవసరం లేదు. తాళం చుట్టూ ఉన్న తీగచుట్ట నుండి వెలువడే సుమారు 125 కిలోహెర్ట్జ్ తరంగాల నుండే అది శక్తిని గ్రహిస్తుంది. కారు ఒక యాదృచ్ఛిక సంఖ్యను పంపుతుంది. చిప్ తనలోని రహస్య సంఖ్యతో లెక్క కట్టి జవాబు చెబుతుంది. కారులోని కంప్యూటరు కూడా అదే లెక్క చేసి, రెండు జవాబులు కలిస్తేనే ఇంధనాన్ని వదులుతుంది. రహస్య సంఖ్య మాత్రం బయటికి రాదు. పళ్ళు సరిగ్గా కోసి చిప్ లేకుండా చేసిన మారుతాళంతో తలుపు తెరుచుకుంటుంది గాని ఇంజను అసలు అంటుకోదు, లేదా ఒకటి రెండు క్షణాలు నడిచి ఆగిపోతుంది. మీటల పలకపై తాళంచెవి ఆకారంలో దీపం మినుకుమినుకుమంటుంది. ఇటువంటపుడు బ్యాటరీయో, స్టార్టరో పాడైందనుకొని వాటిని మార్చడం వృథా ఖర్చు.

తలుపులు తెరిచే రిమోటు వేరే వ్యవస్థ. దానికి బ్యాటరీ ఉంటుంది. మీట నొక్కిన ప్రతిసారీ కొత్త సంకేతం పంపుతుంది కనుక, ఒకసారి వాడిన సంకేతాన్ని ఎవరైనా పట్టి ఉంచుకున్నా మళ్ళీ పనికిరాదు. జేబులో ఉంచుకొనే స్మార్ట్ కీ బ్యాటరీ అయిపోయినపుడు దానిని స్టార్టు మీటకు గాని, తయారీదారు సూచించిన చోటుకు గాని ఆనించి పట్టుకుంటే ఇంజను నడుస్తుంది. 2023 జనవరి నుండి హోండా ఆక్టివా స్కూటరులో కూడా స్మార్ట్ కీ రకం లభిస్తున్నది.

తాళంచెవి పోయినపుడు

ఒక తాళంచెవి చేతిలో ఉండగా రెండవది చేయించుకోవడం తేలిక. రెండూ పోతే పని అనేక రెట్లు పెరుగుతుంది. అధీకృత సర్వీసు కేంద్రంవారు రిజిస్ట్రేషను పత్రం, యజమాని గుర్తింపు పత్రం చూసి, ఛాసిస్ సంఖ్య ఆధారంగా తాళంచెవిని తెప్పిస్తారు. కొత్త కారుతో పాటు ఇచ్చే చిన్న రేకు బిళ్ళపై ఉన్న తాళంచెవి సంఖ్య ఇక్కడ ఉపయోగపడుతుంది. ఆ బిళ్ళను తాళంచెవుల గుత్తికే తగిలించి ఉంచితే రెండూ కలిసే పోతాయి. తరువాత కంప్యూటరు పరికరాన్ని కారుకు కలిపి కొత్త చిప్‌ను నమోదు చేస్తారు. ఆ సమయంలో మిగిలిన తాళంచెవులన్నీ వెంట తీసుకువెళ్ళాలి. పాతవన్నీ చెరిపి, ఎదురుగా ఉన్నవాటినే తిరిగి నమోదు చేయించుకుంటే పోయినది ఎవరికి దొరికినా ఇంజను నడవదు. అయితే దాని లోహపు భాగంతో తలుపు తెరుచుకుంటుంది, కనుక అనుమానం ఉంటే తాళాన్ని కూడా మార్చుకోవాలి.

బజారులోని తాళాల పనివారిలో కొందరు చిప్‌కు నకలు తీస్తారు. ఇది చౌక, పని కూడా త్వరగా అవుతుంది. కాని నకలుకూ అసలుకూ గుర్తింపు ఒకటే కనుక కారుకు వాటి మధ్య భేదం తెలియదు. పోయిన దానిని తొలగిస్తే నకలు కూడా పనిచేయదు.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో

పట్టణాలలోని తాళాల పనివారు ద్విచక్ర వాహనాలకు, చిప్ లేని పాత కార్లకు ఆకురాయితో అరగదీసి తాళంచెవులు చేస్తారు. చిప్ ఉన్న కారు కదలకుండా ఆగిపోతే దానిని లారీపై సర్వీసు కేంద్రానికి చేర్చాలి, లేదా పరికరంతో మనిషిని రప్పించాలి. జిల్లా కేంద్రంలో సాధ్యం కాని పనికి విశాఖపట్నమే దిక్కు. విజయనగరం నుండి అది సుమారు 60 కి.మీ., శ్రీకాకుళం నుండి సుమారు 100 కి.మీ. ఇచ్ఛాపురం, పలాస వైపువారికి దూరం ఇంకా ఎక్కువ. ఉద్దానం ప్రాంతం నుండి వలస వెళ్ళినవారి ఇళ్ళలో మరొక చిక్కు ఉంది. ఒక తాళంచెవి ఊళ్ళో ఉంటే రెండవది హైదరాబాదులోనో, చెన్నైలోనో ఉంటుంది.

రాష్ట్రమంతటికీ 2019లో ఏపీ 39 శ్రేణి రాకముందు రిజిస్టరైన వాహనాలకు శ్రీకాకుళం జిల్లాలో ఏపీ 30, విజయనగరం జిల్లాలో ఏపీ 35 సంఖ్యలు ఉండేవి. చేతులు మారిన ఇటువంటి పాత వాహనాలను, పొరుగున ఉన్న ఒడిషా వాహనాలను కొనేటపుడు తాళంచెవులు ఎన్ని ఇస్తున్నారో అడగాలి. పత్రం పాత యజమాని పేరునే ఉంటే సర్వీసు కేంద్రంవారు కొత్త తాళంచెవి ఇవ్వడానికి నిరాకరించవచ్చు. బదిలీకి 29, 30 ఫారాలు, వేరే రాష్ట్రపు వాహనమైతే అభ్యంతరం లేదనే 28వ ఫారం కావాలి.

బీమా

కారు చోరీ అయినపుడు బీమా సంస్థలు సాధారణంగా ఎఫ్.ఐ.ఆర్. నకలుతో పాటు, కొన్నపుడు ఇచ్చిన తాళంచెవులన్నిటినీ అప్పగించమంటాయి. ఒకటి లోగడ పోయిందని నోటిమాటగా చెబితే పరిహారం ఆలస్యం కావచ్చు, తిరస్కరించనూ వచ్చు. అందుచేత తాళంచెవి పోయిన వెంటనే పోలీసు స్టేషనులో వ్రాతపూర్వకంగా తెలియజేసి రసీదు పొందడం, బీమా సంస్థకు తెలపడం, కొత్త తాళంచెవి బిల్లు దాచడం అవసరం. తాళంచెవి మార్పిడి ఖర్చు ఇచ్చే అదనపు పాలసీలు కూడా ఉన్నాయి.

తాళంచెవిని బండిలో వదిలి దిగడం వేరే వివాదం. చిరునామా అడగడానికి డ్రైవరు తాళంచెవి వదిలి దిగినపుడు చోరీ అయిన లారీ విషయంలో, 2023 జూలైలో సుప్రీంకోర్టు పరిహారాన్ని పూర్తిగా నిరాకరించక 75 శాతం చెల్లించమని తీర్పునిచ్చింది.

భద్రతా లోపాలు

2005లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం, ఆర్‌ఎస్‌ఏ ప్రయోగశాలల పరిశోధకులు 40 బిట్ల రహస్య సంఖ్య గల ఒక ఇమ్మొబిలైజర్ చిప్‌ను ఛేదించి చూపారు. 2011లో జ్యూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు స్మార్ట్ కీ సంకేతాన్ని దూరానికి చేరవేసి, కీ యజమాని వద్దనే ఉండగా కారు తెరిచి నడపవచ్చని 10 నమూనాల కార్లపై నిరూపించారు. సంకేతాలను అడ్డుకొనే లోహపు డబ్బాలో స్మార్ట్ కీ ఉంచడం దీనికి సులభమైన జాగ్రత్త.

ఈ లోపాలున్నా ఇమ్మొబిలైజర్ అసలు లేకపోవడమే ఎక్కువ ప్రమాదం. అమెరికాలో 2015 సంవత్సరపు హ్యుండాయ్, కియా నమూనాలలో 26 శాతానికి మాత్రమే ఇది ప్రామాణికంగా ఉండేది. ఇతర సంస్థల నమూనాలలో 96 శాతానికి ఉండేది. 2021 తరువాత అక్కడ ఇమ్మొబిలైజర్ లేని ఆ రెండు సంస్థల కార్ల దొంగతనాలు విపరీతంగా పెరిగాయి. సామాజిక మాధ్యమాలలో వ్యాపించిన ఆ పద్ధతిలో దొంగలకు యూఎస్‌బీ తీగ కొస వంటి చిన్న సాధనమే సరిపోయింది.